జర్మనీ వెళ్లొచ్చిన వెదురు ఆర్గన్

అందరికీ నమస్కారం. ఈసారి ఫిలిప్పీన్స్ వెళ్దాం. మనీలాకి దక్షిణాన లాస్ పిన్యాస్ అని ఒక ఊరుంది. ఇప్పుడది మెట్రో మనీలాలో కలిసిపోయింది గానీ, ఒకప్పుడు ఉప్పుమళ్ల ఊరు. అక్కడి సెయింట్ జోసెఫ్ చర్చిలో ఒక పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి తోసి పలికించే పెద్ద వాయిద్యం, ఉంది. మొత్తం 1,031 గొట్టాలు. వాటిలో 902 వెదురువి!

1973లో దీన్ని విప్పి జర్మనీ పంపించారు. 1975లో తిరిగొచ్చింది. వెదురు వస్తువుని అంత దూరం పంపి, బాగుచేయించి, చెక్కుచెదరకుండా వెనక్కి తేవడం ఎలా కుదిరింది? ఇవాళ మాట్లాడుకునేది అదే.

ముందు ఆర్గన్ పలికే తీరు రెండు ముక్కల్లో. హార్మోనియంలాగే ఇక్కడా తిత్తి గాలి తోస్తుంది, మెట్టు నొక్కితే ఆ గాలికి దారి తెరుచుకుంటుంది. కాకపోతే ఇక్కడ ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం కావాలి. పైగా ఫ్లూట్ లాంటి నాదానికి ఒక వరస, ట్రంపెట్ లాంటి నాదానికి ఇంకో వరస. గొట్టాల లెక్క వెయ్యి దాటింది అందుకే.

దీన్ని కట్టినాయన ఫాదర్ డియేగో సేరా. స్పెయిన్ నుంచి వచ్చి 1795 నుంచి ఈ చర్చిలో ఫాదర్‌గా ఉన్నారు. 1816లో పని మొదలుపెట్టారు. వెదురు కొట్టించారు, కానీ వెంటనే ఉలి పట్టలేదు. సముద్రపు ఒడ్డున ఇసుకలో పాతిపెట్టించారు. నెలల తరబడి అలాగే వదిలేశారు. పచ్చి వెదురు సంగతి మనకీ తెలుసు కదా! లోపలుండే పిండిపదార్థమే పురుగుకి తిండి. పట్టిందంటే గోడకి ఆనించిన నిచ్చెన కింద సన్నటి పొడి రాలుతూనే ఉంటుంది. ఆ ఇసుకలోంచి తీసేసరికి పాడవ్వాల్సిన బొంగులు పాడయ్యాయి, గట్టివి మిగిలాయి. ఆ మిగిలినవాటితోనే గొట్టాలు చేశారు. పురుగు పట్టకుండా చేసిన వైద్యం అని చెప్తారు గానీ, నాకైతే బొంగులకి పెట్టిన పరీక్షలా అనిపిస్తుంది.

లోహం కొనే డబ్బుల్లేక వెదురు వాడారని ఒక మాట వినిపిస్తుంది. నేను సగమే నమ్ముతాను. ఎందుకంటే 1821 నాటికి ట్రంపెట్ వరసలు తప్ప మిగతాదంతా పలుకుతోంది. ఆ మోత వెదురుతో రాదని తేలాక, 1824లో వాటిని లోహంతోనే చేసి పూర్తిచేశారు. స్క్రీన్ మీద చూడండి, జనం వైపు అడ్డంగా పొడుచుకొచ్చిన గొట్టాలు అవే. అది స్పెయిన్ పద్ధతి. ఏది ఎక్కడ వాడాలో చెవితో తేల్చుకున్న మనిషి ఆయన.

తర్వాత భూకంపాలు వచ్చాయి, తుఫాన్లు వచ్చాయి. చర్చీ దెబ్బతింది, ఆర్గనూ దెబ్బతింది. ఏళ్ల తరబడి మూగబోయింది. మధ్యమధ్యలో మరమ్మతులు జరిగినా మొదటి నాదం మాత్రం రాలేదు. చివరికి పని జర్మనీలోని బాన్ నగరంలో ఉన్న క్లైస్ సంస్థకి అప్పగించారు. 1882 నుంచి ఆర్గన్లు కట్టడమే వాళ్ల వృత్తి.

ఆర్గన్ విప్పడమంటే ప్రతి గొట్టానికీ ఏ వరస, ఏ స్వరం అని గుర్తు పెట్టాలి. మెత్తలు వేసిన పెట్టెల్లో పడుకోబెట్టాలి. ఒక గొట్టం నోటి దగ్గర పెదవి కాస్త నొక్కుకుపోయినా నాదం మారిపోతుంది. అయితే ఓపిక ఉంటే ఇదంతా అయ్యే పనే. అసలు చిక్కు వాతావరణంతో వచ్చింది.

గాలి వేడెక్కితే అందులో శబ్ద వేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకి దాదాపు 0.6 మీటర్లు. ఈల తరహాలో పలికే గొట్టాల శ్రుతి దాంతోపాటే పైకి పోతుంది. ట్రంపెట్ గొట్టాల్లో లోహపు నాలుక ఉంటుంది కాబట్టి వాటి శ్రుతి అంతగా కదలదు. అంటే గది వేడి మారితే ఈ రెండు రకాలూ ఒకదానికొకటి అపశ్రుతి పలుకుతాయి. ఇది ఏ ఆర్గన్‌కైనా ఉన్న బాధే. వెదురుకి ఇంకో గండం ఉంది. నూటయాభై ఏళ్లు ఉక్కపోతలో బతికిన బొంగుని జర్మనీ చలికాలంలో హీటర్ పెట్టిన గదిలో ఉంచితే, చెమ్మంతా పోయి నిలువునా చీలుతుంది. చీలిన చోట గాలి కారిపోతే ఆ గొట్టం ఇక సరిగ్గా పలకదు.

క్లైస్ వాళ్లు దీనికి ఏం చేశారో చూడండి. తమ వర్క్‌షాపులో ప్రత్యేకంగా ఒక గది కట్టి, లోపల వేడి, తేమ ఫిలిప్పీన్స్‌లో ఎలా ఉంటాయో అలాగే ఉంచారు. వీధిలో కోటు వేసుకుని నడిచొచ్చినవాళ్లు లోపలికెళ్లి చెమటలు కక్కుతూ పని చేయడం ఊహించుకోండి! ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఊరు మారినా వెదురుకి ఆ సంగతి తెలియనివ్వలేదు.

ఈలోగా లాస్ పిన్యాస్‌లో చర్చిని బాగుచేశారు. ఫ్రాన్సిస్కో మన్యోసా లాంటి ఆర్కిటెక్ట్‌లు దాన్ని 19వ శతాబ్దపు రూపానికి తెచ్చారు. ఇది అందం కోసం చేసిన పని అనుకోకండి. గొట్టంలో పుట్టిన నాదం గోడలకి, కప్పుకి తగిలాకే మన చెవికి చేరుతుంది. పాత ఆర్గన్ తెచ్చి తీరుమారిన హాల్లో పెడితే వినిపించేది వేరే వాయిద్యం.

1975 మార్చిలో ఆర్గన్ తిరిగొచ్చింది. మే 9న మొదటి కచేరీ. 1976 నుంచి ఏటా దీని పేరుమీద అంతర్జాతీయ ఉత్సవం జరుగుతోంది. 2003లో ఫిలిప్పీన్స్ దీన్ని జాతీయ సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. ఇంకో మంచి పని కూడా జరిగింది. ఆ ఊళ్లోనే ఆర్గన్లు కట్టే వర్క్‌షాపు ఒకటి వచ్చింది, పేరు కూడా డియేగో సేరాదే. 2003-04లో మళ్లీ పెద్ద మరమ్మతు అవసరమైనప్పుడు ఓడలూ లేవు, పెట్టెలూ లేవు. ఊరివాళ్లే చేసుకున్నారు.

ఆ ఉత్సవాల రికార్డింగులు వెతికి వినండి. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వద్దు. ఈ ఆర్గన్‌లో పక్షుల స్టాప్, అంటే పక్షుల కూతలా పలికే గొట్టాల జట్టు, ఒకటుంది. చిన్న గొట్టాల మూతులు నీళ్లలో ముంచి గాలి వదిలితే కిచకిచమంటాయి. దానికి శ్రుతి గొడవే లేదు, నీళ్లు ఉంటే చాలు.