టవర్ ఒక్కటే అయితే తుక్కు ఇనుమే

హోస్ట్: నమస్తే అండి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంటి వెనక నుంచి హై టెన్షన్ కరెంటు లైను పోతుంది. ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చినప్పుడల్లా ఒక డౌటు వచ్చేది, మన ఇంటికి విలువ కట్టినట్టే ఆ టవర్‌కీ ఎవరైనా కడతారా అని. మొన్న ఉగాదికి కలిసినప్పుడు ఈ అక్క "నా ఉద్యోగమే అది" అన్నారు. అందుకే పట్టుబట్టి తీసుకొచ్చాను. అక్కా, ముందు ఇది చెప్పండి. మా ఇంటి విలువ కౌంటీ అసెసర్, అంటే మన జిల్లాలాంటి కౌంటీలో ఆస్తులకి వెల కట్టే అధికారి, చూస్తాడు కదా, టవర్‌ది కూడా ఆయనేనా?

అక్క: కాదు తమ్ముడూ. కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. మీ వెనక పోయే లైను ఎక్కడో కొండల్లో, ఏ జలవిద్యుత్ కేంద్రం దగ్గరో మొదలై నాలుగైదు కౌంటీలు దాటి వస్తుంది. ఒక్కో అసెసర్ తన హద్దులో ఉన్న ముక్కకి మాత్రమే వెల కడితే ఏమవుతుంది? పొలం మధ్యలో నిలబడ్డ టవర్‌ని విడిగా చూస్తే అది తుక్కు ఇనుమే, విప్పి అమ్మితే కూలి ఖర్చులు కూడా రావు. మొత్తం లైనుతో కలిసి ఉంటేనే దానికి విలువ. అందుకే కరెంటు, గ్యాస్, టెలిఫోన్, రైల్వే కంపెనీల ఆస్తిని, ఒకటి కంటే ఎక్కువ కౌంటీల్లో సాగే పైపులైన్లని రాష్ట్రమే అంచనా వేస్తుంది. ఆ పని స్టేట్ బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్ అనే రాష్ట్ర పన్నుల బోర్డుది.

హోస్ట్: ఇది ఈమధ్య వచ్చిన పద్ధతా?

అక్క: ఎక్కడ, 1879 రాజ్యాంగం నాటిది! అప్పట్లో గొడవంతా రైల్వేలతోనే. ఒకటి కంటే ఎక్కువ కౌంటీల్లో నడిచే రైల్వేల పట్టాలు, వాటి కింద ఉండే కట్ట, రైలు బండ్లు రాష్ట్ర బోర్డు చూడాలి, మిగతావి కౌంటీ చూడాలి అని రాసుకున్నారు. బోర్డు వాళ్లు లెక్కలో పట్టాల పక్కన ఉన్న కంచెల్ని కూడా కలిపేశారు. కంచెలు కౌంటీ లెక్కలోకి రావాలి, కలిపేసిన మొత్తంలోంచి వాటిని విడదీయడం కుదరదు అని 1886లో అమెరికా సుప్రీంకోర్టు ఆ టాక్స్ మొత్తాన్నీ కొట్టేసింది. అదే శాంటా క్లారా కౌంటీకీ సదరన్ పసిఫిక్ రైల్వేకీ మధ్య నడిచిన కేసు. కార్పొరేషన్లకి వ్యక్తులతో సమానంగా హక్కులున్నాయనే చర్చలో లా కాలేజీల్లో చెప్పే కేసు ఇదే. కానీ ఈ పని చేసే మాకు మాత్రం అది కంచెల కేసే. ఏ ఆస్తి ఎవరి పట్టికలోకి రావాలో తేల్చుకోకుండా అంకె వేయకూడదని నేను దీన్నుంచే నేర్చుకున్నా.

హోస్ట్: మరి అన్నీ కలిపి ఒకటిగా చూడొచ్చని కోర్టులు ఒప్పుకున్నాయా?

అక్క: ఒప్పుకున్నాయి. ఒహాయోలో ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ అని పార్సిళ్లు మోసే కంపెనీ ఉండేది. మాకు ఇక్కడ ఉన్నవి గుర్రాలు, బండ్లు, పెట్టెలే కదా, వాటికే టాక్స్ వేయండి అని వాదించింది. 1897లో సుప్రీంకోర్టు, అయిదుగురు ఒకవైపు నలుగురు ఇంకోవైపు, కంపెనీ వాదనని తోసిపుచ్చింది. గుర్రం ఎవరి దగ్గరున్నా గుర్రమే, కానీ ఊళ్లన్నిటినీ కలిపే వ్యాపారంలో కట్టిన గుర్రానికి వేరే విలువ. నాకు చాలా నచ్చే తీర్పు అది.

హోస్ట్: సరే, అంకె ఎలా వస్తుంది?

అక్క: జనవరి 1న ఆస్తి ఎలా ఉందో, దాని విలువ మాకు కావాలి. కంపెనీలు వివరాలన్నీ పంపిస్తాయి. ఒక దారి, ఆ ఆస్తి ముందు ముందు తెచ్చే ఆదాయాన్ని బట్టి లెక్క కట్టడం. ఇంకోటి, కొన్నప్పుడు పెట్టిన ఖర్చులోంచి తరుగుదల తీసేయడం. కరెంటు, గ్యాస్ కంపెనీల విషయంలో మాకు ఈ రెండోదే ఎక్కువ నమ్మకంగా ఉంటుంది, కారణం విను. శాన్ హోసే నడిబొడ్డున ఎప్పుడో 1960ల్లో కొన్న స్థలంలో సబ్‌స్టేషన్ ఉందనుకో. పక్కింటి రేటు చూసి మన తెలుగువాళ్లందరూ అమ్మో, ఈ స్థలం ఎన్ని కోట్లో అంటారు. కానీ ఆ కంపెనీ మీద యుటిలిటీస్ కమిషన్, అంటే కరెంటు, గ్యాస్ రేట్లు ఖరారు చేసే రాష్ట్ర సంస్థ, ఉంది. స్థలం అప్పటి కొన్న ధర మీద, సామాను తరుగుదల పోగా మిగిలిన దాని మీద మాత్రమే లాభం తీసుకోనిస్తుంది. దాన్ని రేట్ బేస్ అంటారు. రేపు ఎవరైనా ఆ కంపెనీని కొంటే వాళ్లకి దక్కేదీ ఆ లాభమే. మరి అంతకు మించి ఎందుకు పెడతారు?

హోస్ట్: అంటే మా ఇంటికీ దానికీ అసలు పోలికే లేదన్నమాట.

అక్క: ఇంకో తేడా ఉంది. నువ్వు ఇల్లు కొన్నాక, ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 అనే ప్రాపర్టీ టాక్స్ నియమం కింద దాని అసెస్‌మెంట్ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. 1978లో వచ్చింది కదా అది. ఇలా కంపెనీ మొత్తాన్నీ కలిపి ఒక్క యూనిట్‌గా చూసే ఆస్తికి ఆ రక్షణ లేదని 1985లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా మార్కెట్ విలువ మళ్లీ మొదటినుంచి కట్టాల్సిందే. పాత రాగి తీగల టెలిఫోన్ నెట్‌వర్క్‌కి ఇది మేలే, వాడేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి విలువ దిగుతుంది. ఆ తగ్గుదల ఎంత అన్నదగ్గరే కంపెనీ లాయర్లతో మాకు గంటల తరబడి వాదన.

హోస్ట్: 2018లో మా కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ లైను నుంచి మంటలు లేచి ప్యారడైజ్ ఊరు కాలిపోయింది, 2019 జనవరిలో ఆ కంపెనీ దివాలా కోర్టుకెళ్లింది. షేరు పడిపోతే ఆస్తి విలువా పడుతుందా?

అక్క: మంచి ప్రశ్న. ఇది నా సొంత మాట, ఆఫీసు మాట కాదు. షేరు ధరలో కంపెనీ నెత్తిన ఉన్న పరిహారం బాకీ కూడా కలిసే ఉంటుంది. మేం విలువ కట్టేది బాకీకి కాదు, తీగలకీ ట్రాన్స్‌ఫార్మర్లకీ. అవి మర్నాడూ కరెంటు మోస్తూనే ఉన్నాయి, రేట్ బేస్ మీద లాభం వస్తూనే ఉంది. కాబట్టి షేరు సగానికి పడింది కదా అని విలువా సగం చేయడం తప్పని నా నమ్మకం. ఆ టాక్స్ డబ్బు మీద బడులు, మంటలార్పే ఫైర్ డిస్ట్రిక్ట్‌లు నడుస్తాయి. అలాగని పెంచి వేయడమూ అన్యాయమే, ఎందుకంటే కంపెనీ కట్టే ప్రాపర్టీ టాక్స్ ఖర్చు కింద రేట్లలో కలిసి చివరికి మన కరెంటు బిల్లులోకే వస్తుంది. ఎటు తప్పు చేసినా దెబ్బ మామూలు మనిషికే.

హోస్ట్: మీరెప్పుడైనా తప్పు చేశారా?

అక్క: చేశాను. చేరిన రెండో ఏడు. కంపెనీ వాడకుండా వదిలేసిన ఖాళీ స్థలాలు యూనిట్‌లోకి రావు, వాటిని ఎక్కడున్నాయో అక్కడి టాక్స్ రేట్ ఏరియాలో, అంటే ఏ డబ్బు ఎవరికి పోవాలో తేల్చే నంబరు ఉన్న ప్రాంతంలో, విడిగా చూపించాలి. ఒక స్థలం అంతకు ముందే పక్క సిటీలో కలిసింది. నేను పాత మ్యాపు చూసి పాత ఏరియా నంబరే వేశాను. అలాగే వెళ్లిపోయుంటే ఆ డబ్బు వేరే ఫైర్ డిస్ట్రిక్ట్‌కి పోయేది. మా సూపర్‌వైజర్ పట్టుకున్నారు, ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచీ మ్యాపు మీద తేదీ చూడకుండా ముట్టుకోను.

హోస్ట్: మన దేశంలో ఇలాంటిది ఉందా అక్కా?

అక్క: ఇంత పెద్ద ఏర్పాటు కాదు గానీ, సెల్ టవర్ల మీద మున్సిపాలిటీలు ప్రాపర్టీ టాక్స్ వేయొచ్చా అని పెద్ద కేసు నడిచింది. గుజరాత్‌కి సంబంధించినది. వేయొచ్చని, ఆ పన్ను కోసం మొబైల్ టవర్‌ని భవనంగా లెక్కించొచ్చని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 

హోస్ట్: చివరగా, మా టవర్ విలువ ఎంతో నాకెక్కడైనా కనిపిస్తుందా?

అక్క: టవర్ ఒక్కదానిది కనిపించదు, మొదట్లో చెప్పాను కదా. మొత్తం కంపెనీ విలువ మే నెలలో బోర్డు మీటింగ్‌లో ఖరారు చేస్తారు. అది అందరికీ తెరిచిన మీటింగే, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. అంకె నచ్చని కంపెనీలు జులై 20 లోపు పిటిషన్ వేసుకుంటాయి. ఆ గదిలో కంపెనీ వాళ్లు నిండుగా ఉంటారు, ఊరివాళ్లు మాత్రం ఒక్కరూ కనపడరు.

హోస్ట్: ఈసారి నేనొస్తాను.

అక్క: రా తమ్ముడూ. పార్కింగ్ దొరకదు, కాస్త ముందే బయలుదేరు.