మెట్ల తలుపుకు తాళం

(శారీరక శ్రమను పెంచే జాతీయ వ్యూహం అమలుపై ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని అధికారులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ యువతీయువకులకు నమస్కారం. నిలబడ్డవాళ్లకు కుర్చీలు వేయించమని ఎవరో నిర్వాహకులకు సైగ చేస్తున్నారు. దయచేసి వద్దు. ఈ సదస్సు ఆశయాన్ని ప్రస్తుతానికి ఆచరణలో పెట్టింది వాళ్లే.

నాకిచ్చిన అంశం 'వ్యూహం అమలులో సవాళ్లు'. వ్యూహపత్రం మొత్తం చదివాను. బాగుంది. బాగాలేని వ్యూహపత్రం నాకింతవరకూ కనిపించలేదు. వీటన్నిటికీ మాతృక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెచ్చిన కార్యాచరణ ప్రణాళిక. చాలినంత శారీరక శ్రమ లేనివారి నిష్పత్తిని 2030 నాటికి 15 శాతం తగ్గించాలన్నది అందులోని లక్ష్యం. చాలినంత అంటే ఘనకార్యమేమీ కాదు. పెద్దలైతే వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడిస్తే చాలు. అదీ లేని పెద్దలు ప్రపంచంలో 2010లో 26 శాతం. 2022లో 31 శాతం, సుమారు 180 కోట్ల మంది. ఇదే పోకడ సాగితే 2030 నాటికి 35 శాతం అవుతారని అంచనా. తగ్గిస్తామని రాసుకున్నాం, పెంచుకుంటూ పోతున్నాం.

మనుషులకు బద్ధకం పెరిగింది, అవగాహన లేదు అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే ఒక బస్సు కథ చెప్పాలి. నన్నెరిగిన వాళ్లు ఇది ఇంతకుముందే విని ఉంటారు, మళ్లీ వినండి.

జెరెమీ మోరిస్ అని బ్రిటన్‌లో ఒక వైద్య పరిశోధకుడు ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ గుండెజబ్బులు ఎందుకు పెరుగుతున్నాయో తేల్చాలని ఆయన లండన్ బస్సు సిబ్బంది ఆరోగ్య వివరాలు తిరగేశారు. అవి రెండంతస్తుల బస్సులు. ఒకే బస్సులో, ఒకే దారిలో ఇద్దరు మనుషులు. డ్రైవరు పనివేళంతా సీటుకు అతుక్కుని ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం కిందికీ పైకీ తిరుగుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. 1953లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇది అచ్చయినప్పుడు చాలామంది నమ్మలేదు. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్నారు. మోరిస్ ఏం చేశారో తెలుసా? సిబ్బందికి కుట్టించిన యూనిఫారాల కొలతలు తెప్పించారు! ప్యాంటు నడుము కొలతలు చూస్తే డ్రైవర్లవి నిజంగానే పెద్దవి. అక్కడితో ఆగలేదు. సన్నవాళ్లైనా లావువాళ్లైనా కండక్టర్లకే ముప్పు తక్కువని తర్వాతి పరిశీలనల్లో తేలింది. తపాలా శాఖలోనూ అంతే. వీధి వీధీ తిరిగి ఉత్తరాలు పంచేవాళ్ల గుండె, బల్ల ముందు కూర్చున్న గుమాస్తాల గుండె కన్నా గట్టిది. ఆ మోరిస్ 2009 దాకా, 99 ఏళ్లు బతికారు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ కండక్టరుకు మెట్లెక్కమని ఎవరు బోధించారు? ఏ పోస్టరు చూసి ఎక్కాడు? ఏ ప్రముఖుడు ప్రకటనలో నవ్వుతూ చెబితే ఎక్కాడు? టికెట్టు కొట్టాలి కాబట్టి ఎక్కాడు. అతని రోజులోనే మెట్లు ఉన్నాయి. మన రోజులో లేవు. తీసేసింది మనమే, ప్రణాళికలు వేసి, నిధులిచ్చి మరీ తీసేశాం.

ఈ సభ జరుగుతున్నది మూడో అంతస్తులో. మెట్ల మీదుగా వచ్చినవాళ్లు చేతులెత్తండి. ఎవరూ లేరు. మిమ్మల్ని తప్పుపట్టను, ఎందుకంటే కింద మెట్ల తలుపుకు తాళం వేసి ఉంది. నేను అడిగాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కాపలా మనిషికి తెలియదు. మన జాతీయ వ్యూహం కథ కూడా ఇదే. బాధ్యత ఆరోగ్య శాఖకు అప్పగించాం. రోడ్లు, బస్సులు, బడులు, భవన నిబంధనలు ఆ శాఖ చేతిలో ఉన్నాయా? నడవండి అని ఆరోగ్య శాఖ చెబుతుంది. కాలిబాటను మింగి రోడ్డును వెడల్పు చేసేది మరో శాఖ. ఆ పని పూర్తయితే రెండో శాఖకే ప్రశంసాపత్రం వస్తుంది.

ఇక బడి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను, క్షమించాలి. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి. పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది ఆటల పీరియడే. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లలు బంతి పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే, లెక్కల మాస్టారు సుద్దముక్కతో లోపలికి వచ్చేవారు. ఏడాది చివర నివేదికలో మాత్రం ఆ పీరియడ్లన్నీ జరిగినట్టే ఉండేవి. ఆ కాగితం మీద నన్నే సంతకం చేయమనేవారు. 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు కదలాలి. ప్రపంచంలో 81 శాతం మంది కదలడం లేదని 2016 లెక్కలు చెప్పాయి. ఆడపిల్లల్లో 85 శాతం. ఆడపిల్లలకు ఆటలంటే ఆసక్తి లేదని దయచేసి నాకు చెప్పకండి. మైదానం చుట్టూ ఎవరు నిలబడి చూస్తున్నారు, బట్టలు మార్చుకునే గది ఉందా, ఇంటికి వెళ్లే దారిలో దీపం వెలుగుతుందా... ముందు ఇవి అడగండి.

విషయం పక్కకు పోతోందని అధ్యక్షుల ముఖం చెబుతోంది. పోలేదండీ, ఇదే విషయం.

కొలంబియా దేశ రాజధాని బొగోటా నగరంలో 1970ల నుంచి ఒక పని చేస్తున్నారు. ఆదివారాలు, సెలవు దినాల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను మోటారు వాహనాలకు మూసి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేస్తారు. ఏడాదికొక రోజు టోపీలు పంచి, జెండా ఊపి, పరుగు తీయించి, మర్నాడు మరిచిపోవడం కాదది. వారం వారం జరుగుతుంది కాబట్టే జనం దాన్ని నమ్ముకుని ఇంట్లోంచి బయటికి వస్తారు. కొత్త కట్టడం అక్కర్లేదు, ఉన్న రోడ్డే.

పది నిమిషాలకు తగ్గితే ఆ నడక లెక్కకు రాదన్న పాత షరతును కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. రెండు అంతస్తుల మెట్లూ లెక్కే, బస్టాపు దాకా నడకా లెక్కే. కాబట్టి నేను వ్యాయామశాలలు కట్టమని అడగడం లేదు. రోడ్లకిచ్చే డబ్బులో కాలిబాటకు ఎంతో విడిగా రాయండి. ఎన్ని అవగాహన సభలు పెట్టారో లెక్కపెట్టడం మాని, పిల్లలు నడిచి వెళ్లగలిగే బడులు ఎన్నో లెక్కపెట్టండి. ఆటల పీరియడు పోయిందని ఉపాధ్యాయుడు నిజం రాస్తే అతణ్ణి శిక్షించకండి.

ముందు వరుసలో ఆర్థిక శాఖ నుంచి ఎవరైనా ఉన్నారా? రోడ్ల శాఖ? రవాణా? పట్టణ ప్రణాళిక? ఊహించాను. ఉన్నవాళ్లంతా ఆరోగ్య శాఖ వారే, వాళ్లకు ఇవన్నీ ఇప్పటికే తెలుసు. వచ్చే సమావేశానికి ఆహ్వానాల జాబితా మార్చండి. ఆ నాలుగు శాఖల నుంచి సంతకం చేసే అధికారం ఉన్నవాళ్లనే పిలవండి, ప్రతినిధులను కాదు. కుర్చీలు తక్కువైతే నా కుర్చీ వాళ్లకివ్వండి. నన్ను పిలవకపోయినా ఫరవాలేదు, వాళ్లకు ఆ బస్సు కథ మాత్రం ఎవరైనా చెప్పండి.