ఆ శ్రీనివాసరావు మా ఇంట్లో లేడు

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడుకి వెనక వాళ్ళకి వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నేను ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను. చివరి ఆరేళ్ళు మొండి బకాయిల వసూళ్ళు చూశాను. మనది కాని అప్పు కట్టమని మన మీదికి వచ్చే వసూళ్ళ ఏజెంట్ల గురించి ఇవాళ మాట్లాడబోతున్నాను. ఒకప్పుడు వాళ్ళ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి. అలాంటి నా ఇంటికే ఒకరోజు ఇద్దరు కుర్రాళ్ళు బండేసుకుని వచ్చి, గేటు దగ్గర నిలబడి, వీధి వీధంతా వినపడేలా "శ్రీనివాసరావు గారూ, బయటికి రండి" అని అరిచారు. మా ఇంట్లో శ్రీనివాసరావు లేడు. మా తాతల్లో కూడా లేడు.

జరిగింది ఇదీ. మా ఆవిడకి కొత్త సిమ్ తీసుకున్నాం. పది రోజులకి ఫోను వచ్చింది.

"శ్రీనివాసరావు గారున్నారా మేడమ్?"

"లేరండీ, రాంగ్ నంబర్."

"మీరు ఆయనకేమవుతారు?"

"నేనేమీ కానండీ. ఆయనెవరో మాకు తెలీదు. మాది ఫలానా వీధి, మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, కావాలంటే వచ్చి కనుక్కోండి."

పాపం, మంచితనంతో చెప్పింది. మన అలవాటే అంత. ఎవరైనా అనుమానిస్తే పుట్టుపూర్వోత్తరాలు చెప్పి మరీ నిజం నిరూపించుకుంటాం. అవతలివాడు ఆ వీధి పేరు రాసుకున్నాడు. మర్నాడు బండి మీద వచ్చినవాళ్ళు ఆ చిరునామాకే వచ్చారు.

మా ఆవిడ నన్నొక ప్రశ్న అడిగింది. "నేను కాదని చెప్పినా వాళ్ళెందుకు నమ్మలేదు?" దీనికి జవాబు నా దగ్గరుంది, కాస్త సిగ్గుపడుతూనే చెబుతాను. వసూళ్ళలో ఉన్న ఆరేళ్ళూ నేను రోజూ విన్న మాట అదే. "నేను కాదండీ", "రాంగ్ నంబర్", "ఆయన ఊళ్ళో లేరు". బాకీ ఉన్నవాడూ ఇదే అంటాడు, లేనివాడూ ఇదే అంటాడు. ఫోను పట్టుకున్న కుర్రాడికి తేడా తెలీదు. తెలుసుకోవాల్సిన అవసరం కూడా అతనికి లేదు. అతని ముందున్నది ఒక లిస్టు, నెలాఖరుకి ఒక టార్గెట్. బ్యాంకులు వసూళ్ళకి పెట్టుకునే చాలా ఏజెన్సీలకి వసూలైన డబ్బు మీదే కమిషన్. మీరు శ్రీనివాసరావు కాదని తేల్చినందుకు అతనికి పైసా రాదు.

కానీ బాకీ ఉన్నవాడు ఎప్పుడూ చెయ్యని పని ఒకటుంది. తనంతట తాను అప్పిచ్చిన సంస్థకి ఉత్తరం రాసి, "ఈ అప్పు నాదంటే కాగితాలు చూపించండి" అని అడగడం. నా ఆరేళ్ళలో అలాంటి ఉత్తరం వచ్చినప్పుడల్లా ఆఫీసులో ఫైలు కదిలింది. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ప్రధానంగా ఆ ఉత్తరం గురించే. దానికి ముందు, అసలు మన పేరు ఆ లిస్టులోకి ఎలా ఎక్కుతుందో చూడాలి. ఎందుకంటే ఉత్తరంలో ఏం రాయాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

మా ఆవిడ విషయంలో తప్పు సిమ్‌ది. ఎవరైనా నంబరు వదిలేస్తే, డిస్‌కనెక్ట్ అయిన 90 రోజుల దాకా దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. ఆ తర్వాత ఇవ్వొచ్చు. అటు బ్యాంకులో వాయిదా 90 రోజులు దాటి ఆగిపోతే ఆ ఖాతా మొండి బకాయి కింద చేరుతుంది, ఒత్తిడి పెరిగేది అప్పట్నుంచే. అప్పు కట్టలేనివాడు మొదట చేసే పని ఏమిటి? ఫోను మార్చడం. అంటే బ్యాంకు గట్టిగా వెతికే రోజుల్లో ఆ నంబరు కొత్త మనిషి చేతికి వచ్చేసి ఉండొచ్చు. రికార్డులో మాత్రం పాత మనిషి పేరే ఉంటుంది.

ఇక పేరు. ఈ హాల్లో శ్రీనివాసరావులు ఎంతమంది? ముగ్గురు. వెంకటేశ్వర్లు? ఐదు. చూశారా. మన ఇంటిపేరేమో బ్యాంకు కాగితాల్లో ఒక్క పొడి అక్షరమైపోతుంది. కొండపల్లి వారూ, కోనేరు వారూ, కాకర్ల వారూ అందరూ "కె"నే. పుట్టినరోజైనా తేడా చూపిస్తుందా అంటే, మా తరంలో చాలామందికి బడిలో చేర్చుకున్న మాస్టారు తోచిన తేదీ వేసేశారు. ఆధార్ కేంద్రంలో సంవత్సరం ఒక్కటే చెప్పినవాళ్ళకి జనవరి 1 పడిపోయింది. అదే ఊరు, అదే పేరు, అదే జనవరి 1. అక్కణ్ణుంచి ఒకరి బాకీ ఇంకొకరి క్రెడిట్ రిపోర్టులోకి, అంటే అప్పుల చరిత్ర కాగితంలోకి, జారడానికి ఎంతసేపు?

మూడో దారి రెఫరెన్సు. మీ బావమరిది లోన్ ఫారంలో "తెలిసిన ఇద్దరి నంబర్లు" అని ఉన్నచోట మీది రాస్తాడు. మీకు చెప్పడు. రెఫరెన్సు వేరు, హామీదారు వేరు. హామీ ఉంటాననే ఒప్పుకోలు మీ నుంచి ఉంటేనే మీరు హామీదారు. వేరేవాళ్ళు మీ నంబరు రాసినంత మాత్రాన మీకు బాధ్యత రాదు. లోన్ యాప్‌ల సంగతి ఇంకా ఘోరం. ఫోనులో ఉన్న కాంటాక్ట్‌లన్నీ లాగేసుకుని, చుట్టాలకీ స్నేహితులకీ, ఆఖరికి పాలవాడికీ ఫోన్లు చేశారు. 2020 చివర్లో హైదరాబాద్‌లో ఆత్మహత్యలు జరిగి, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసేదాకా ఇది ఇంత పెద్దదని బయటికి రాలేదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పుల మార్గదర్శకాలు ఇచ్చింది. యాప్‌లు కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్ జోలికి పోకూడదని అందులో ఉంది. ఇప్పటికీ ఏ యాప్ అయినా మీ చుట్టాలకి ఫోన్ చేస్తుంటే, అది రూల్ తప్పుతున్నట్టే.

నాలుగోది అసలైన దొంగతనం. మీ పాన్ నంబరు వాడి ఎవరో అప్పు తీసుకోవడం. 2022లో హిందీ నటుడు రాజ్‌కుమార్ రావు తన పాన్ మీద ఎవరో 2,500 రూపాయల అప్పు తీసుకున్నారనీ, దాంతో తన సిబిల్ స్కోరు, అంటే అప్పు తీర్చే తీరుకి వేసే మార్కు, దెబ్బతిన్నదనీ ట్విట్టర్‌లో మొరపెట్టుకున్నారు. సినిమా హీరోకే తప్పలేదు, జిరాక్స్ షాపులో పాన్ కాపీలు వదిలేసి వచ్చే మనమెంత?

చనిపోయిన నాన్నగారి అప్పు గురించి కూడా ఒక మాట. కొడుకు కాబట్టి కట్టాలి అంటారు. ఆయన నుంచి మీకు ఆస్తి వస్తే, ఆ ఆస్తి విలువ మేరకే బాధ్యత. ఏమీ రాకపోతే మీ జీతంలోంచి కట్టమని చట్టం చెప్పదు.

సరే, ఫోను మోగింది. ఏం చెయ్యాలి?

ముందు వాదన మానెయ్యండి. మీ వివరాలు చెప్పకండి, వాళ్ళ వివరాలు అడగండి. "ఏ సంస్థ తరఫున చేస్తున్నారు బాబూ? మీ ఏజెన్సీ పేరేంటి? మీ పేరు? అప్పు ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు చెప్పండి." అంతే. పాన్, ఆధార్, పుట్టిన తేదీ, ఓటీపీ ఏదీ చెప్పకూడదు. "మీరు శ్రీనివాసరావు కాదని నిరూపించడానికి ఆధార్ ఫోటో వాట్సాప్ చెయ్యండి" అంటారు. చెయ్యొద్దు. నిరూపించాల్సింది అడిగేవాడు. తేదీ, టైము, నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. వీలైతే కాల్ రికార్డు చెయ్యండి. వాట్సాప్‌లో బూతులు పెడితే కోపంలో డిలీట్ చెయ్యకండి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

ఇంకొకటి, ఇది చాలామంది చేసే పొరపాటు. "పీడ వదిలిపోతుంది, వెయ్యే కదా" అని కట్టేస్తారు. పీడ వదలదు. ఆ అప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టు చూపించడానికి వాళ్ళకి ఒక రసీదు దొరుకుతుంది. లిస్టులో మీ పేరు పక్కన "కట్టే మనిషి" అని పడుతుంది. నేను ఆ లిస్టులు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఒక్కసారి కట్టినవాడికే ఫోన్లు ఎక్కువ వెళ్తాయి.

ఇంటికి వస్తే గేటు బయటే నిలబెట్టండి. ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. రెండూ వాళ్ళ దగ్గర ఉండాలి. 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బాకీ వసూలు కోసం ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు. బెదిరించకూడదు. బాకీదారు కుటుంబాన్ని, స్నేహితుల్ని, రెఫరెన్సుల్ని పరువు తీసేలా వేధించకూడదు. ఇవన్నీ బాకీ నిజంగా ఉన్నవాడి విషయంలోనే రూల్స్. లేనివాడి సంగతి చెప్పాలా? ఏజెంటు చేసిన తప్పుకి బాధ్యత అతన్ని పెట్టుకున్న సంస్థదే. "అది ఏజెన్సీ కుర్రాళ్ళ పని సార్, మాకు సంబంధం లేదు" అని బ్రాంచిలో అంటారు. ఆ మాట నేనూ అన్నాను ఒకప్పుడు. చెల్లదు.

ఇప్పుడు ఉత్తరం. ఏజెన్సీకి కాదు, అప్పిచ్చిన సంస్థ ఫిర్యాదుల అధికారికి. ఆయన ఈమెయిలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మా ఆవిడ తరఫున నేను రాసింది చదువుతాను.

"ఫలానా తేదీ నుంచి, ఈ కింది నంబర్ల నుంచి, మీ సంస్థ తరఫున అని చెప్పి నా ఫోనుకు కాల్స్ వస్తున్నాయి. ఫలానా రోజు ఇద్దరు వ్యక్తులు మా ఇంటికి వచ్చారు. వారు అడుగుతున్న శ్రీనివాసరావు గారు నాకు తెలియదు. మీ దగ్గర నేను ఏ అప్పూ తీసుకోలేదు, ఎవరికీ హామీ ఉండలేదు. ఈ నంబరు ఫలానా తేదీ నుంచి నా పేరు మీద ఉంది. నాకు ఈ అప్పుతో సంబంధం ఉందని మీరు అంటే, నా సంతకం ఉన్న ఒప్పంద పత్రం చూపించండి. లేదంటే నా నంబరు, చిరునామా మీ రికార్డుల నుంచి, మీ ఏజెన్సీ రికార్డుల నుంచి తీసివేసి, తీసివేసినట్టు నాకు రాతపూర్వకంగా తెలపండి."

ఇంతే. కోపం లేదు, శాపనార్థాలు లేవు. మొదటి చిత్తుప్రతిలో ఉన్నాయి, మా ఆవిడ కొట్టేయించింది.

మీ పేరు మీదే దొంగ అప్పు ఉంటే ఈ ఉత్తరానికి ఒక వాక్యం కలపండి: "అప్పు డబ్బు ఏ ఖాతాలో జమ చేశారో చెప్పండి." దొంగ దొరికేది అక్కడే. సంతకం ఫోర్జరీ చెయ్యొచ్చు, ఫోటో మార్చొచ్చు, కానీ డబ్బు ఎక్కడో ఒక ఖాతాలో దిగాలి కదా. వెంటనే క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్ ఒక్కటే అనుకుంటారు. మన దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కో సంస్థా ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో మీది కాని అప్పు కనిపిస్తే అక్కడే ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టండి. 30 రోజుల్లో తేల్చాలి. 2024 ఏప్రిల్ నుంచి, గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలనే నిబంధన కూడా ఉంది. దొంగతనం కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి గానీ, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫిర్యాదు నంబరు బ్యాంకు ఉత్తరంలో వెయ్యండి. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూసుకోండి, మీకు తెలియనివి బయటపడొచ్చు.

మీ పేరు మీద అప్పు చూపిస్తున్న బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, అడ్డదిడ్డంగా ఇచ్చినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. వివరాలకి 14448కి ఫోన్ చెయ్యండి. బెదిరింపులకి మాత్రం ఇవేవీ కాదు, పోలీస్ స్టేషనే. భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ బెదిరింపు నేరానికి సంబంధించింది. రాసుకున్న పుస్తకం అక్కడ పనికొస్తుంది.

వాట్సాప్‌లో "అరెస్ట్ వారెంట్" అని తప్పుల తడక ఇంగ్లీషులో వచ్చే కాగితాలకి భయపడకండి. అప్పు కట్టకపోవడం మామూలుగా సివిల్ వ్యవహారం, ఎవరో టెలీకాలర్ అరెస్టు చేయించలేడు. కానీ నిజంగా కోర్టు నుంచి సమన్లు వస్తే, "నేను కాదుగా, నాకెందుకు" అని బీరువా మీద పడెయ్యకండి. వెళ్ళకపోతే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. అప్పుడు తప్పించుకోవడం పది రెట్లు కష్టం. ఆ రోజు లాయర్ని పెట్టుకోవాల్సిందే.

మా ఇంటి విషయం ఏమైందంటారా? ఉత్తరం పంపిన పన్నెండో రోజు జవాబు వచ్చింది, నంబరు తీసేశామని. క్షమాపణ అనే మాట లేదు, "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఉంది. ఫోన్లు ఆగాయి. పోయిన నెల మళ్ళీ ఒకటి వచ్చింది. వేరే కంపెనీ, అదే శ్రీనివాసరావు. పాపం ఆయన ఎన్నిచోట్ల తీసుకున్నాడో. నేను పక్కగదిలో ఉన్నాను. మా ఆవిడ తాపీగా, "మీ ఏజెన్సీ పేరు స్పెల్లింగ్ చెప్పండి బాబూ, రాసుకుంటున్నా" అంది. అవతల ఫోను పెట్టేశాడు.

ఆ ఉత్తరం కాపీలు బయట బల్ల మీద పెట్టాను. నలభై మందికి తీయించాను, మీరు అంతకంటే ఎక్కువే కనిపిస్తున్నారు. ఇంటికొకటి తీసుకోండి. ప్రశ్నలుంటే అడగండి, టీ వచ్చేలోపు.