కౌంటర్‌స్పెల్ విజార్డ్: ఏది ఆపాలి, ఏది వదిలేయాలి

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: ఆట నడిపించే ఒక డీఎం (డంజియన్ మాస్టర్), అబ్జురేషన్ (రక్షణ మంత్రాల) విజార్డ్‌గా, అంటే మంత్రవిద్య నేర్చిన పాత్రగా, ఆడే ఒకామె, డివినేషన్ (జోస్యం మంత్రాల) విజార్డ్‌గా ఆడే ఒక కుర్రాడు.)

యాంకర్: నమస్కారం. ఆదివారం సాయంత్రం మాదాపూర్, కొండాపూర్ వైపు ఏదైనా బోర్డ్ గేమ్ కేఫ్‌లోకి వెళ్తే, ఇరవై ముఖాల డైస్ దొర్లించుకుంటూ మధ్యమధ్యలో గొడవపడే బ్యాచ్ ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. వాళ్లలో చాలామంది ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ బయటికి తెచ్చిన, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి కథ నడిపే ఆట. ఈరోజు అందులో ఒకే ఒక్క మంత్రం గురించి మాట్లాడుకుందాం: శత్రువు మంత్రాన్ని మధ్యలోనే తుంచేసే కౌంటర్‌స్పెల్. దాన్ని నమ్ముకుని ఒక విజార్డ్‌ని ఎలా తయారు చేసుకోవాలి? డీఎం గారూ, మొదలుపెట్టండి.

డీఎం: కౌంటర్‌స్పెల్ మూడో లెవెల్ మంత్రమండి, అంటే మంత్రాల బలంలో మూడో మెట్టు. విజార్డ్ పాత్ర ఎదుగుతూ తన ఐదో లెవెల్‌కి చేరాక చేతికొస్తుంది. అరవై అడుగుల లోపల, మీకు కనిపించేలా ఎవరైనా మంత్రం వేస్తుంటే, మీ టర్న్ (వంతు) కాకపోయినా రియాక్షన్, అంటే అప్పటికప్పుడు చేసే ఎదురు చర్య, వాడి అడ్డుపడొచ్చు. ఇందులో దూరం, చూపు, రియాక్షన్ అని మూడు షరతులున్నాయి. మా టేబుల్‌కి వచ్చే కొత్తవాళ్లు ఇంటెలిజెన్స్ (పాత్ర తెలివిని చెప్పే అంకె) 20 చేసేసి పని అయిపోయిందనుకుంటారు. అసలు పని ఈ మూడు షరతుల దగ్గరే ఉంది.

అబ్జురర్ ప్లేయర్: అందులోనూ రియాక్షన్ దగ్గరే ఎక్కువ ఏడుపు. రౌండుకి, అంటే అందరి వంతులూ ఒకసారి తిరిగేలోపు, ఒక్కటే ఉంటుంది. దెబ్బ తప్పించే షీల్డ్ మంత్రానికీ అదే కావాలి, నిప్పు, చలి లాంటి దెబ్బల్ని తగ్గించే అబ్సార్బ్ ఎలిమెంట్స్‌కీ అదే కావాలి. బాణం తగులుతోందని షీల్డ్ వేసేశాననుకోండి, ఆ వెంటనే శత్రువుల మేజ్ (మంత్రగాడు) ఫైర్‌బాల్ అనే నిప్పు పేలుడు మంత్రం ఎత్తుకుంటే చూస్తూ కూర్చోవడమే. నేను అబ్జురేషన్ ఎంచుకున్నది అందుకే. ఆర్కేన్ వార్డ్ అని ఒక రక్షణ పొర ఉంటుంది. విజార్డ్ లెవెల్‌కి రెట్టింపు, దానికి ఇంటెలిజెన్స్ బోనస్ కలిపితే దాని బలం. పదో లెవెల్‌లో ఇంటెలిజెన్స్ 20 (బోనస్ 5) ఉంటే 25 పాయింట్లు. దెబ్బ ముందు దాని మీద పడుతుంది కాబట్టి నేను కంగారుపడి షీల్డ్ వేయను. రియాక్షన్ నా దగ్గరే ఉంటుంది. పైగా కౌంటర్‌స్పెల్ కూడా అబ్జురేషన్ మంత్రమే. మూడో లెవెల్ స్లాట్‌తో (మంత్రానికి ఖర్చయ్యే, లెక్కగా ఉండే అవకాశం) వేసిన ప్రతిసారీ వార్డ్‌కి ఆరు పాయింట్లు తిరిగొస్తాయి.

డివినర్ ప్లేయర్: అక్కా, ఆరో లెవెల్‌లో వచ్చే ప్రొజెక్టెడ్ వార్డ్ సంగతి చెప్పలేదు.

అబ్జురర్ ప్లేయర్: చెప్తాను, ఆగు. ముప్పై అడుగుల్లో ఉన్న స్నేహితుడి మీద పడే దెబ్బని మన వార్డ్ మీదకి తీసుకోవచ్చు. బాగుంటుంది. కాకపోతే అది కూడా రియాక్షనే! శత్రువుల్లో మంత్రగాడు ఉన్నంతసేపూ నేను దాన్ని ముట్టుకోను. మా ఫైటర్ అలిగినా సరే.

యాంకర్: మధ్యలో రూల్స్ మారాయి కదా. ఏం మారింది?

డీఎం: చాలా మారింది. 2014 రూల్స్‌లో మూడో లెవెల్, అంతకు తక్కువ మంత్రాలు ఏ డైస్ లేకుండానే ఆగిపోతాయి. నాలుగు, ఆపైన అయితే మన ఇంటెలిజెన్స్‌తో చెక్ వేయాలి, అంటే ఇరవై ముఖాల డైస్ వేసి బోనస్ కలపాలి. డీసీ, అంటే అందుకోవాల్సిన అంకె కోసం, పదికి ఆ మంత్రం లెవెల్ కలుపుకోవాలి. లేదా దానికి సమానమైన పెద్ద స్లాట్ ఖర్చుపెట్టాలి. 2024 పుస్తకంలో దీన్ని తిరగేశారు. ఇప్పుడు డైస్ వేసేది ఎదుటివాడు. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్, అంటే తట్టుకోవడానికి వేసే డైస్, తప్పితే వాడి మంత్రం ఆగుతుంది. అయితే వాడు స్లాట్‌తో వేసుంటే ఆ స్లాట్ పోదు, ఆ టర్న్‌లో చేయబోయిన పని మాత్రమే పోతుంది.

యాంకర్: అంటే వచ్చే రౌండ్‌లో మళ్లీ అదే మంత్రం వేస్తాడా?

డీఎం: వేస్తాడు. నేనైతే తప్పకుండా వేయిస్తాను. చాలామంది ఈ మార్పు చూసి కౌంటర్‌స్పెల్ పనైపోయిందన్నారు. నేనలా అనుకోవట్లేదు. ఇప్పుడు అది మీకు ఒక టర్న్ కొనిపెడుతుంది, అంతే. ఆ టర్న్‌లో మీ రోగ్, మీ ఫైటర్ ఆ మేజ్ దాకా పరిగెత్తి నాలుగు తగిలిస్తే గిట్టుబాటైనట్టు. వాళ్లు అటు మూలన గాబ్లిన్లతో కుస్తీ పడుతుంటే మీ స్లాట్ దండగ.

డివినర్ ప్లేయర్: అందుకే ఇప్పుడు అబ్జురేషన్ కన్నా డివినేషన్ మేలని నా వాదన. మాకు పోర్టెంట్ ఉంటుంది. లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర లాంటి పూర్తి విశ్రాంతి) తర్వాత రెండు డీ20లు, అంటే ఇరవై ముఖాల డైస్, వేసి, ఆ అంకెలు దాచుకుంటాం. కంటికి కనిపించే ఎవరి సేవ్‌కైనా, డైస్ వేయకముందే, ఆ అంకె పెట్టేయొచ్చు. పొద్దున నాకు 3 పడిందనుకోండి, మేజ్ కౌంటర్‌స్పెల్ సేవ్ వేయబోతుంటే ఆ 3 ఇస్తాను. వాడు తప్పించుకోవడం దాదాపు అసాధ్యం.

అబ్జురర్ ప్లేయర్: 18, 15 పడితే?

డివినర్ ప్లేయర్: అవి నా సేవ్‌లకి వాడుకుంటాను. వృథా ఏం కాదు.

అబ్జురర్ ప్లేయర్: కౌంటర్‌స్పెల్‌కి మాత్రం ఆ రోజు సెలవే కదా! నాకు పదో లెవెల్‌లో స్పెల్ బ్రేకర్ వస్తుంది. కౌంటర్‌స్పెల్, డిస్పెల్ మ్యాజిక్ రెండూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. స్లాట్‌తో వేసి శత్రువు మంత్రం ఆగకపోతే నా స్లాట్ కూడా పోదు. నీకు రోజూ రెండు డైస్ జాతకం. నాకు జీతం.

(నవ్వులు)

డీఎం: లెక్క చూద్దాం. పదో లెవెల్ విజార్డ్, ఇంటెలిజెన్స్ 20. 2024 పద్ధతిలో సేవ్ డీసీ 17. కాన్‌స్టిట్యూషన్ బోనస్ సున్నా ఉన్న మంత్రగాడు నూటికి 80 సార్లు తప్పుతాడు. సేవ్ +10 ఉన్న లిచ్ (చచ్చీ బతికున్న మంత్రగాడు) లాంటివాడు 30 సార్లే తప్పుతాడు. తప్పినా లెజెండరీ రెసిస్టెన్స్, అంటే తప్పిన సేవ్‌ని నెగ్గినట్టు మార్చుకునే శక్తి, వాడి గట్టెక్కుతాడు. అక్కడ పోర్టెంట్ కూడా చేతులెత్తేస్తుంది. పాత పద్ధతిలో అదే లెవెల్ అబ్జురర్, మూడో లెవెల్ స్లాట్‌తో తొమ్మిదో లెవెల్ మంత్రాన్ని ఆపాలంటే డీసీ 19. పదో లెవెల్ ఫీచర్‌తో ప్రొఫిషెన్సీ (నైపుణ్యం బోనస్, ఇక్కడ 4) కూడా కలుస్తుంది కాబట్టి బోనస్ +9. అంటే 55 శాతం. మిగతా విజార్డ్‌లకి 35 శాతమే. కాబట్టి 2014 టేబుల్‌లో అబ్జురర్‌కి తిరుగులేదు. కొత్త రూల్స్‌లో మాత్రం పదో లెవెల్ దాకా నేను తమ్ముడి వైపే. ఆ తర్వాత మేడమ్ వైపు.

యాంకర్: నాకు ఇదంతా వింటుంటే ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం వేయడమే గుర్తొస్తోంది.

డీఎం: బాగా పట్టుకున్నారు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో కౌంటర్‌స్పెల్ దాదాపు అలాగే ఉండేది. ముందే ఒక యాక్షన్ సిద్ధం చేసుకుని కాచుకోవాలి. ఎదుటివాడి మంత్రమేదో స్పెల్‌క్రాఫ్ట్ చెక్‌తో పోల్చుకోవాలి. ఆపైన అదే మంత్రాన్ని తిరిగి వేయాలి, లేదంటే డిస్పెల్ మ్యాజిక్‌తో అదృష్టం చూసుకోవాలి. మన టర్న్ మొత్తం కాపలాకే పోతుంది. ఎవరికి ఓపిక? పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండో ఎడిషన్‌లో ఇప్పటికీ ఆ వాసన ఉంది. అక్కడ విజార్డ్ కౌంటర్‌స్పెల్ ఫీట్ (ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యం) తీసుకోవచ్చు కానీ, ఎదుటివాడు వేసే మంత్రం మన దగ్గరా సిద్ధంగా ఉండాలి. ఇప్పటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉన్నది వసిష్ఠుడి బ్రహ్మదండం. విశ్వామిత్రుడు ఏ అస్త్రం వేసినా ఒకే కర్ర మింగేసింది చూడండి, అదీ ఇది.

యాంకర్: మరి శత్రువు ఏ మంత్రం వేస్తున్నాడో ప్లేయర్‌కి చెప్పాలా, చెప్పకూడదా?

అబ్జురర్ ప్లేయర్: మా టేబుల్‌లో సగం గొడవలు దీని మీదే!

డీఎం: 2017లో వచ్చిన అనుబంధ పుస్తకంలో ఒక పద్ధతి ఇచ్చారు. మంత్రాన్ని గుర్తుపట్టాలంటే రియాక్షన్ ఖర్చుపెట్టి ఆర్కేనా (మంత్రజ్ఞానం) చెక్ వేయాలి. డీసీ 15కి మంత్రం లెవెల్ కలపాలి. చిక్కేంటంటే, గుర్తుపట్టడానికే రియాక్షన్ అయిపోతే ఇక ఆపేదెలా? అందుకని ఒకరు గుర్తుపట్టి అరవాలి, ఇంకొకరు ఆపాలి. నేను "మంత్రం వేస్తున్నాడు" అని ఆగిపోతాను, పేరు చెప్పను. కాకపోతే ఆనవాళ్లు ఇస్తాను. సంచిలోంచి గంధకం, గబ్బిలం రెట్ట ఉండ తీశాడంటే ఫైర్‌బాల్ అని శ్రద్ధగా ఆడేవాళ్లకి తెలిసిపోతుంది. దాని మెటీరియల్ కాంపోనెంట్, అంటే మంత్రానికి కావాల్సిన సరుకు, అదే.

డివినర్ ప్లేయర్: ఈ ఆట ఆధారంగా వచ్చిన వీడియో గేమ్ బాల్డర్స్ గేట్ 3 ఆడి వచ్చినవాళ్లకి ఇక్కడే దెబ్బ. అక్కడ ఆట ఆగి, రియాక్షన్ వాడమంటావా అని అడుగుతుంది. టేబుల్ మీద మన డీఎం అన్న ఒక్క క్షణం ఆగి గాలి పీల్చుకుంటాడు చూడండి, ఆ గ్యాప్‌లోనే మనం అరవాలి.

యాంకర్: సరే, పేరు తెలిసినా తెలియకపోయినా, ఏది ఆపాలి?

అబ్జురర్ ప్లేయర్: ముందు ఏది ఆపకూడదో చెప్తాను. ఐదో లెవెల్‌లో మూడో లెవెల్ స్లాట్లు రెండే. పదో లెవెల్‌కి కూడా మూడే. ఫైర్ బోల్ట్, మ్యాజిక్ మిస్సైల్ లాంటి చిన్న దెబ్బ మంత్రాలకి వాటిని తగలబెట్టకూడదు. దెబ్బ తింటే హీలింగ్ ఉంది. మన మనిషిని ఆటలోంచి తీసేసే మంత్రాలు ఆపాలి. కదలకుండా కట్టేసే హోల్డ్ పర్సన్, వేరే లోకానికి పంపేసే బానిష్‌మెంట్ లాంటివి. ఇంకొకటి, విలన్ తప్పించుకునే మంత్రం. డైమెన్షన్ డోర్ ఎత్తాడంటే ఎంతైనా ఖర్చుపెడతాను.

డీఎం: నెలల తరబడి పెంచుకున్న విలన్ అండీ! వాడు మాయమయ్యే డైలాగ్ రాసుకుని వస్తాను. ఈవిడ "కౌంటర్‌స్పెల్" అంటుంది. అంతే, కథ అక్కడికి సరి.

యాంకర్: మీరేం చేయలేరా?

డీఎం: ఎందుకు చేయలేను? అరవై అడుగులంటే గ్రిడ్ మీద పన్నెండు గళ్లు. ఫైర్‌బాల్ రేంజ్ నూటయాభై. మా మేజ్ పద్నాలుగో గడిలో నిలబడతాడు. పొగమంచులోకి వెళ్తాడు. సోర్సరర్ (పుట్టుకతోనే మంత్రశక్తి ఉన్న పాత్ర) అయితే సటిల్ స్పెల్ వాడతాడు, నోరు కదలదు, చెయ్యి ఆడదు, ఇక మీకు కనిపించేదేంటి? 2022 నుంచి వచ్చిన చాలా రాక్షసులకి ఆర్కేన్ బర్స్ట్ లాంటి దాడులిచ్చారు. అవి మంత్రాలే కావు, ఆపడానికి వీల్లేదు. అయితే డీఎంగా ఒక మాట. కౌంటర్‌స్పెల్ కోసం ఒకరు క్యారెక్టర్ కట్టుకొస్తే, ప్రతిసారీ ఇలా ఎగ్గొట్టడం అన్యాయం. వారానికో మేజ్‌ని వాళ్ల అరవై అడుగుల్లోకి నడిపిస్తాను.

డివినర్ ప్లేయర్: దూరం వల్లే విజార్డ్ వెనక దాక్కోవడం కుదరదు. ముందు వరసకి కాస్త దగ్గర్లో ఉండాలి కాబట్టి కాన్‌స్టిట్యూషన్ తగ్గించుకోవద్దు. కవచం కోసం కొందరు ఒక లెవెల్ క్లెరిక్ (పూజారి లాంటి పాత్ర) తీసుకుంటామంటారు. అలా చేస్తే కౌంటర్‌స్పెల్ ఆరో లెవెల్‌కి జరుగుతుంది. మొదట్నుంచీ ఆడే కాంపెయిన్‌లో ఆ ఒక్క లెవెల్ చాలా భారంగా ఉంటుంది.

యాంకర్: చివరగా కూకట్‌పల్లి నుంచి ఒక ప్రేక్షకుడి ప్రశ్న. "మా పార్టీలో నేను విజార్డ్, నా ఫ్రెండ్ సోర్సరర్. ఇద్దరం కౌంటర్‌స్పెల్ తీసుకోవచ్చా?"

అబ్జురర్ ప్లేయర్: తీసుకోండి. ఇద్దరుంటే రౌండుకి రెండు రియాక్షన్లు. కానీ ముందు ఎవరు వేస్తారో యుద్ధం మొదలవ్వకముందే మాట్లాడుకోండి. లేకపోతే ఇద్దరూ ఒకేసారి అరిచి, ఒకే మంత్రం మీద రెండు స్లాట్లు పోగొట్టుకుంటారు.

డీఎం: ఇంకో లాభం కూడా ఉంది. కొత్త రూల్స్‌లో ఒక టర్న్‌లో ఒక స్లాట్‌తోనే మంత్రం వేయాలి. మీ టర్న్‌లో మీరు స్లాట్‌తో వేసిన మంత్రాన్ని శత్రువు కౌంటర్ చేస్తే, దాన్ని మీరే ఇంకో స్లాట్‌తో కౌంటర్ చేయలేరు. అది మీ టర్న్ కాబట్టి. మీ ఫ్రెండ్ చేయగలడు. సోర్సరర్‌ని అరవై అడుగుల లోపలే నిలబెట్టండి.