తుంటిలో టక్కుమన్నప్పుడు

(హన్మకొండలో తైక్వాండో బెల్టు పరీక్షల ముందు రోజు తల్లిదండ్రులు, కోచ్‌లు, పిల్లల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో సక్లముక్లం పెట్టుకొని కూసున్న పిల్లలకు మొదలు ఒక మాట. ఇయ్యాల తన్నుడు లేదు, వినుడే. చివరికి మాత్రం ఒకసారి లేవాలె.

పోయిన వారం ప్రాక్టీసులో 14 ఏండ్ల బిడ్డ ఒకామె సైడ్ కిక్ తన్ని కాలు దించుతుంటే టక్కుమని చప్పుడైంది. నాలుగడుగుల అవతల ఉన్న నాకు వినిపించింది. ఆ బిడ్డ మొఖంలో నొప్పి లేదు, భయమే ఉన్నది. "సార్, నా బొక్క జారిందా?" అని అడిగింది.

గోడ పట్టుకొని నిలబడమన్న. మోకాలు పైకి లేపి, పక్కకు తెరిచి, మెల్లగ దించమన్న. టక్. ఇంకోసారి దించితే మళ్ల టక్. మూడోసారి వాళ్ల అమ్మను పిలిచి, తొడ మొదట్లో, గజ్జ మడత మీద నాలుగు వేళ్లు పెట్టి ఒత్తి పట్టుకో అక్కా అన్న. కాలు దిగింది, చప్పుడు రాలేదు. వేళ్లు తీసినంక మళ్ల వచ్చింది. "వేళ్ల కింద తాడు లెక్క ఏదో పక్కకు దుంకపోయింది సార్" అన్నదా తల్లి. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అది తాడే.

మనం ఇసొంటిదానికి నరం పట్టిందంటం, నరం మీద నరం ఎక్కిందంటం. అది నరం కాదు. కండరాన్ని బొక్కకు కట్టే తాడు, డాక్టర్లు టెండాన్ అంటరు. నడుము పూసల పక్క నుంచి సోయాస్ అనే కండరం ఒకటి బయలుదేరి, కటి బొక్క ముందంచు మీదుగ జారి, తొడ బొక్క లోపలి దిక్కున్న చిన్న గుబ్బకు కట్టుకుంటది. మనం మోకాలు లేపుతున్నమంటే ఎక్కువ పని చేసేది ఇదే. కాలు లేపి పక్కకు తెరిచినప్పుడు దీని తాడు బయటి దిక్కు జరుగుతది. కాలు దించి తిన్నగ చేసేటప్పుడు లోపలి దిక్కు ఒక్కసారే దుంకుతది. బాయి గిలక మీద తాడు గాడి తప్పి మళ్ల గాడిలో పడితే ఎట్ల చప్పుడైతదో, అట్ల. అందుకే చాలామందికి చప్పుడు తన్నేటప్పుడు కాదు, తన్నిన కాలు కిందికి వచ్చేటప్పుడు వస్తది. కాలు పైకెత్తి కిందికి కొట్టే యాక్స్ కిక్‌లో, కాలు వంపుగ తిప్పి తన్నే క్రెసెంట్‌లో, సైడ్ కిక్‌లో ఇది ఎక్కువ.

ఇంకో రకం తుంటికి పక్కన వస్తది. నిలబడి తుంటి పక్కన అరచెయ్యి పెడితే గట్టిగ ఒక గుబ్బ తగులుతది. దాని మీదుగ మోకాలి దాకా పోయే మందపాటి పట్టీ ఒకటి ఉన్నది. అది బిగుసుకుంటే ఆ గుబ్బ మీద ముందుకూ ఎనుకకూ దుంకుతది. చర్మం కింద కదులుడు బయటికి కనిపిస్తది కూడా. ఇది ఉన్నోళ్లు "నా తుంటి జారి మళ్ల కూసుంటది" అని ఒట్టేసి చెప్తరు. నిజంగ తుంటి జారితే మనిషి నిలబడలేడు. బండి గుద్దితేనో, ఎత్తు మీదికెళ్లి పడితేనో అయ్యే ప్రమాదం అది.

ఒట్టి గాలి బుడగ చప్పుడు కూడా ఉంటది, వేళ్లు విరుచుకుంటే వచ్చేటిది. అది ఒకసారి వచ్చిందంటే మళ్ల కొంతసేపటి దాకా రాదు. తాడు చప్పుడు అట్ల కాదు, పదిసార్లు కాలు దించితే పదిసార్లూ వస్తది.

నాట్యం చేసేటోళ్లకు ఇది బాగ ఎరుకే. డాక్టర్లు దీన్ని డ్యాన్సర్ హిప్ అని కూడా పిలుస్తరు. 1213లో కట్టిన మన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినంక ఆ గుడి శిల్పాల్లో కనిపించే పేరిణి నాట్యం నేర్చుకుంటమని అడిగే పిల్లలు నాకే కొందరు తగిలిన్రు. సగం కూసొని తొడలు బయటికి తెరిచి అడుగేసే నాట్యం అది. మన హార్స్ స్టాన్స్‌కు అది దగ్గరి చుట్టం. పేరిణి నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు ఇక్కడుంటే ఈ మాటలు మీకు కూడా.

నొప్పి లేని చప్పుడుకు వైద్యం అక్కర్లేదు. ఈ మాట నేను ధైర్యంగ చెప్త. కాని చప్పుడు వస్తున్నదంటే ఆ తాడు ప్రతి కిక్‌కూ రాసుకుంటున్నదని అర్థం. రోజుకు రెండు వందల కిక్‌లు తన్నే పిల్లలకు అదే రాపిడి కొన్నాళ్లకు వాపు తేవచ్చు, అప్పుడు నొప్పి మొదలైతది. అందుకే భయపడొద్దంటున్న గాని, పట్టించుకోవద్దు అంటలేను.

అసలు తప్పు ఎక్కడున్నది? నేను చూసినంత మట్టుకు తన్నే కాలులో కంటే నిలబడ్డ కాలులోనే ఎక్కువ. పక్క నుంచి తిప్పి తన్నే రౌండ్‌హౌస్ కిక్‌లో నిలబడ్డ కాలి మడమ తిరిగి ఎదుటి మనిషి దిక్కు చూడాలె. సైడ్ కిక్‌కూ అంతే, కాలివేళ్లు ఎనుకకు పోవాలె. మడమ తిరిగితేనే నడుము తిరుగుతది, నడుము తిరిగితేనే తొడ బొక్క తలకు అది కూసునే కటి బొక్క గిన్నెలో తిరగడానికి జాగ దొరుకుతది. తిరగకుండ తన్నితే తొడ బొక్క మెడ పోయి గిన్నె అంచుకు తాకుతది. ఆ అంచుకు కుక్కర్ మూత రబ్బరు లెక్క మెత్తటి చుట్టు ఒకటి ఉంటది, లేబ్రమ్ అంటరు. ఏండ్ల తరబడి దాని మీద దెబ్బ పడితే అది చిరుగుతది. అప్పుడొచ్చే చప్పుడు వేరు, దాని సంగతి తర్వాత చెప్త.

మన దగ్గర పిల్లలు ఎక్కడ నేర్చుకుంటున్నరో కూడా చూడాలె. సమగ్ర శిక్ష కింద సర్కారు బళ్లల్ల ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పిస్తున్నరు, మంచి పని. కాని చాలా బళ్లల్ల మ్యాట్‌లు లేవు. వరండాల షాబాద్ బండల మీద రబ్బరు బూట్లేసుకొని తన్నుతరు. రబ్బరు బండను పట్టుకుంటది, మడమ తిరగదు, తిరగాల్సిన భారమంతా మోకాలు మీద, తుంటి మీద పడుతది. అసొంటి జాగలో బూట్లు విప్పించండి, కిక్ నడుము ఎత్తుకే ఆపించండి. సర్కారు బళ్లల్ల నేర్పే కోచ్‌లకు ఇది చేతులు జోడించి చెప్తున్న.

ఇగ ఎత్తు సంగతి. తైక్వాండో పోటీలో ఛాతీ కవచం మీద తన్నితే 2 పాయింట్లు, తలకు తన్నితే 3. పిల్లలకు తల మీదనే ఆశ ఉంటది, అందులో తప్పు లేదు. కాని బొక్కల లెక్క ఒకటున్నది. కటి కదలకుండ కాలు తిన్నగ పక్కకు తెరిస్తే చాలామందికి 45 డిగ్రీల దగ్గర ఆగిపోతది. ఆపైన పోవాలంటే తొడను బయటికి తిప్పాలె, కటిని వంచాలె. గిన్నె లోతు, తొడ బొక్క మెడ ఎంత మెలి తిరిగి ఉన్నదీ మనిషికీ మనిషికీ వేరు. సాగదీసుడుతో కండరం మారుతది గాని బొక్క ఆకారం మారదు. పక్కింటి పిల్లగాడు మూడు నెలల్లో కాళ్లు బార్లా చాపి స్ప్లిట్ కొట్టిండు, నా కొడుకు ఎందుకు కొడుతలేడని నన్ను అడిగే తండ్రులకు నా జవాబు ఇదే.

నాకు 16 ఏండ్లున్నప్పుడు ఒక సీనియర్ నన్ను గోడకు ఆనించి, కాళ్లు తెరిపించి, నా తొడల మీద నిలబడ్డడు. అప్పట్ల అదే పద్ధతి. ఏడిస్తే పిరికోడంటరని పండ్లు బిగపట్టిన. లోపల ఏదో పటుక్కుమన్నది. నాలుగు నెలలు కుడి గజ్జ నొప్పితో మెట్లెక్కలేకపోయిన, సైకిల్ మీదికి కాలు ఎత్తలేకపోయిన. ఇంట్ల చెప్పలే. నా దగ్గర నేర్చుకునే ఏ బిడ్డ తొడ మీదా ఇంకొకరు కాలు పెట్టరు, చెయ్యి కూడా పెట్టరు. ఇక్కడున్న కోచ్‌లు ఎవరన్న ఇంకా ఆ పద్ధతి నడుపుతుంటే, అన్నా, దయచేసి ఇయ్యాల్టి నుంచి బంద్ చెయ్యండి.

చప్పుడు వచ్చే పిల్లలకు నేను చేయించేది చెప్త. రెండు మూడు వారాలు కిక్ ఎత్తు నడుము దాకే, లెక్క సగానికి సగం. పిర్రల కండరం గట్టి పడాలె, ఎందుకంటే అది బలహీనమైతే ముందున్న సోయాస్ ఒక్కటే మోత మోస్తది. ఎల్లెలకల పండుకొని మోకాళ్లు మడిచి నడుము లేపి పట్టుడు, పక్కకు పండుకొని పై కాలు మెల్లగ లేపి దించుడు, ఇవి చాలు. పాత సైకిల్ ట్యూబు కోసి మోకాళ్లకు కొంచెం పైన కట్టుకొని పక్కకు అడుగులేస్తే ఇంకా మంచిది. బిగుసుకున్న ముందు భాగానికి, ఒక మోకాలు నేల మీద పెట్టి, పిర్ర బిగించి, అట్లనే నడుము కొంచెం ముందుకు జరిపి 30 సెకన్లు ఉండాలె. పిర్ర బిగించకుండ ముందుకు పడితే నడుము వంగుతది, గజ్జ సాగదు. బడిలో ఆరేడు గంటలు బెంచీ మీద కూసొని నేరుగ వచ్చి హై కిక్ తన్నే పిల్లలకు ఇది తప్పనిసరి. నెలా రెండు నెలలు ఓపిక పడితే చాలామందికి చప్పుడు తగ్గుతది. కొందరికి చప్పుడు ఉంటది, నొప్పి రాదు. అది కూడా మంచి ఫలితమే.

ఇప్పుడు చెప్పేది తల్లిదండ్రులు జర మనసు పెట్టి వినాలె. కొన్ని చప్పుళ్లకు ఇంటి వైద్యం పనికి రాదు. గజ్జ లోతుల నొప్పితో క్లిక్కుమని కాలు మధ్యలో ఇరుక్కుపోయినట్టయితే, నడుస్తుంటే కాలు ఒక్కసారే వదిలేసినట్టయితే, అది నేనింతకు ముందు చెప్పిన రబ్బరు చుట్టు కావచ్చు. బొక్కల డాక్టరు చూడాలె.

13 నుంచి 17 ఏండ్ల మధ్య పిల్లలకు కండరం కంటే అది అతుక్కున్న బొక్క కొసనే కచ్చిగ ఉంటది. గట్టిగ తన్నినప్పుడు పటుక్కుమని ఒక్కటే చప్పుడొచ్చి, వెంటనే నొప్పి, కుంటుడు మొదలైతే ఆ కొస ఊడి వచ్చిందేమో ఎక్స్‌రే తీయించాలె. చాలావరకు ఆపరేషన్ లేకుండనే, విశ్రాంతితో అతుకుతది. మాలిష్ చేసి, గుంజి, పసరు కట్టు కడితే అది ఇంకింత పాడైతది.

ఇంకోటి. 10 నుంచి 16 ఏండ్ల పిల్లలు, ముఖ్యంగ కొంచెం బరువున్నోళ్లు, మోకాలు నొప్పి అని కుంటుకుంట వస్తరు. మోకాలు చూస్తే ఏం ఉండదు. పాదం మాత్రం బయటికి తిరిగి ఉంటది. తప్పు తుంటిలో ఉంటది, తొడ బొక్క తల పెరిగే జాగలో జారుతుంటది. ఆ బిడ్డను నడిపించకుండ అదే రోజు వరంగల్ ఎంజీఎం దవాఖానకో, దగ్గర్లున్న పెద్ద దవాఖానకో తీసుకపోవాలె. నేను మోకాలుకు పట్టీ కట్టి మళ్ల తన్నమంటే, అది నేను ఆ బిడ్డకు చేసే ద్రోహం.

ములుగు, ఆదిలాబాద్ దిక్కు నుంచి హాస్టళ్లకు వచ్చి చదువుకునే పిల్లలున్నరు. మన ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నది. ఆ జబ్బులో తొడ బొక్క తలకు రక్తం సరిగ అందక బొక్క దెబ్బతింటది. తుంటి నొప్పి ఉన్న బిడ్డకు ఆ పరీక్ష అయిందా అని వార్డెన్‌ను అడగండి. అడిగితే పోయేదేం లేదు.

మొదలు చెప్పిన బిడ్డ ఇక్కడే ఉన్నది, మూడో వరుసలో. ఆమెకు ఇప్పటికీ అప్పుడప్పుడు టక్కుమంటది. నిన్న సైడ్ కిక్‌లో మడమ పూర్తిగ తిప్పింది, పదిట్ల ఎనిమిదిసార్లు చప్పుడు లేకుండ కాలు దించింది. రేపు పరీక్షలో ఆమె ఎంత ఎత్తు తన్నిందని నేను చూడను, కాలు ఎట్ల దించిందో చూస్త.

లేవండి ఇగ. పెద్దలు కూడా, చెప్పులు విప్పి గోడ దగ్గరికి రండి. ఎడమ చెయ్యి గోడకు. కుడి మోకాలు నడుము ఎత్తుకు లేపండి, పక్కకు తెరవండి. ఇప్పుడు అయిదు అంకెలు లెక్కపెడుత, అయిదో అంకెకు పాదం నేలకు తాకాలె, అంతకంటే ముందు కాదు. కుడి అరచెయ్యి గజ్జ మీద పెట్టుకోండి, ఏం తగులుతదో చూడండి. ఒకటి…