గెడ్డలో రాయి తిప్పి చూడండి: మేఫ్లై పిల్లదశ నుంచి డీఎన్ఏ దాకా

నమస్కారం. తొలి వానలు పడ్డాక విశాఖలో వీధి దీపం కింద రాలే రెక్కల పురుగులన్నిటినీ మనం ఉసిళ్లే అనేస్తాం. ఉసిళ్లంటే రెక్కలొచ్చిన చెదలు. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి, వీపు మీద బల్లపరుపుగా పడుకుని ఉంటాయి. అలా కాకుండా రెక్కలు నిటారుగా నిలబెట్టి, వెనక రెండో మూడో సన్నటి తోకలు చాచి కూర్చుంటే అది మేఫ్లై. దానికి నోరు పనిచెయ్యదు, తిండి తినదు. బతుకంతా నీళ్లలోనే గడిపి వచ్చింది కాబట్టి మనం కూడా అక్కడికే వెళ్దాం.

గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉప్పునీరు తగిలే ఆ చివర వెతకడం దండగ. పైన, కొండ గెడ్డల్లో, అంటే వాగుల్లో, మోకాలి లోతు దాటకుండా నీళ్లు రాళ్ల మీద గలగలలాడే చోటు చూడండి. రిజర్వు ఫారెస్టు అయితే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

వలని రాయికి దిగువన నేలకి ఆనించి పట్టుకుని, అప్పుడు రాయి ఎత్తండి. ముందు రాయి ఎత్తి తర్వాత వల పెడితే సగం కొట్టుకుపోతాయి. రాయిని తెల్లటి ట్రేలో బోర్లించి, మెత్తటి బ్రష్షుతో దులపండి. ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే తోకలు, మొప్పలు ఊడిపోతాయి. పేరు తేల్చేది అవే.

రాయికి అతుక్కుని పీతలా పక్కకి జరిగే బల్లపరుపు పురుగు హెప్టజీనియిడే కుటుంబానిది. చేపపిల్లలా చటుక్కున ఈదేది బేటిడే. బురద పూసుకుని కదలకుండా పడుండేది, పొట్ట మీద చతురస్రపు మూతల్లాంటి మొప్పలున్నది కేనిడే. తోకలు లెక్కపెట్టి మోసపోకండి. ఎపియోరస్ అనే మేఫ్లైకి రెండే తోకలు, అదే రాళ్ల కింద ఉండే స్టోన్‌ఫ్లై అనే వేరే పురుగుకీ రెండే. పది రెట్ల లెన్సుతో కాలి కొస చూడండి: మేఫ్లైకి ఒక్కో కాలికి ఒకటే గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు.

ఇప్పుడు గెడ్డ ఏం చెబుతోందో చూద్దాం. ట్రే నిండా పురుగులున్నాయంటే నీళ్లు బాగున్నట్టు కాదు. ఎన్ని ఉన్నాయన్న దానికన్నా ఏ రకాలున్నాయన్నదే ముఖ్యం. ఎగువన రోడ్డు తవ్వినా, వాలు చదును చేసినా వండ్రు వచ్చి రాళ్ల సందులు పూడిపోతాయి, రాతి మీది నాచు కప్పబడిపోతుంది. ఆ నాచు గీరుకుని తినే హెప్టజీనియిడే ముందు మాయమవుతాయి. మొప్పల మీద మూతలున్న కేనిడే మాత్రం ఆ బురదలోనే హాయిగా పెరుగుతాయి. అయితే, ఏదో ఒక రకం లేదని వెంటనే కాలుష్యం అనెయ్యకండి. నిన్ననే రెక్కలొచ్చి ఎగిరిపోయి ఉండొచ్చు, మొన్నటి వరద తుడిచిపెట్టి ఉండొచ్చు. ఈ ఏటి జనవరిని వచ్చే ఏటి జనవరితోనే పోల్చాలి.

జాతి పేరు దగ్గరే అసలు చిక్కు. చాలా జాతుల వర్ణన పెరిగిన మగపురుగు జననాంగాల మీద ఆధారపడి ఉంటుంది, మన చేతిలో ఉన్నదేమో పిల్లది. రెక్కల తిత్తులు నల్లబడినదాన్ని ప్రాణంతో తెచ్చి, గాలాడే గిన్నెలో పైన దోమతెర కట్టి పెంచండి. రెక్కలు రాగానే చంపెయ్యకూడదు. మసక రెక్కలతో వచ్చేది ఉపప్రౌఢ దశ. రెక్కలొచ్చాక మళ్లీ కుబుసం విడిచేది కీటకాల్లో ఇదొక్కటే. కొన్నిట్లో నిమిషాలు, చాలావాటిలో ఒక రాత్రి ఆగితే గాజులాంటి రెక్కలు వస్తాయి. విడిచిన కుబుసాన్నీ అదే సీసాలో దాచండి.

డీఎన్ఏ కోసమైతే 95 శాతం ఇథనాల్ వాడాలి. ఫార్మలిన్ వద్దే వద్దు, డీఎన్ఏ పాడవుతుంది. పురుగు ఒంట్లో నీరు ఇథనాల్‌ని పలచన చేస్తుంది కాబట్టి ఒక రోజులోపు మార్చండి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వెయ్యండి, బాల్‌పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. పరీక్షకి ఒక కాలు చాలు. పొట్ట ముక్క తీస్తే అది తిన్నదాని డీఎన్ఏ కూడా కలుస్తుంది.

మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగం) ఉండే సీఓఐ అనే జన్యువులో 658 డీఎన్ఏ అక్షరాల ముక్కని చదివించి, అది సరిపోలితే పిల్లదాన్నీ పెద్దదాన్నీ ఒకే జాతిగా జతచేస్తారు. ఫలితాన్ని ప్రోటీన్‌గా మార్చి చూడండి. మధ్యలో స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ ఇక్కడితో ఆపమనే గుర్తులు) వస్తే, అసలు జన్యువు బదులు కేంద్రకంలో చేరిన దాని పాత నకలు చదివి ఉండొచ్చు. కానీ అంతకంటే ముందు కోడ్ పట్టిక (ఏ మూడక్షరాలకి ఏ అమైనో ఆమ్లమో చెప్పేది) సరిచూడండి. అకశేరుకాల మైటోకాండ్రియాకి 5వ నంబరు పట్టిక పెట్టాలి. అందులో టీజీఏ అనే మూడక్షరాలంటే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం, మామూలు పట్టికలో అదే స్టాప్. మామూలు పట్టిక పెడితే మంచి ఫలితం కూడా తప్పులా కనిపిస్తుంది.

ఇదే ముక్కతో మేఫ్లైలు తూనీగలకి దగ్గరా, మిగతా రెక్కల కీటకాలకి దగ్గరా అని తేల్చబోతే కుదరదు. ఆ చీలిక 30 కోట్ల ఏళ్లు దాటిన మాట, పైగా తక్కువ కాలంలో జరిగిపోయింది. 2014లో 1,478 జన్యువులు పెట్టి చేసిన అధ్యయనం కూడా ఈ ముడిని పూర్తిగా విప్పలేదు. ఈ ముక్కతో మీరు గీసిన కీటకాల వంశవృక్షంలో తూనీగ మేఫ్లైల మధ్యకి దూరిందా? కొత్త సిద్ధాంతం రాయకండి, ఆ కొమ్మ పక్కనున్న బూట్‌స్ట్రాప్ అంకె (ఆ కొమ్మని ఎంత నమ్మొచ్చో చెప్పేది) చూడండి.