క్యూబులు తడిశాయి, రోడ్డు తడవలేదు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దానికే సరిపోతాయి. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. ప్రిన్సిపాల్ గారేమీ అనుకోరు, ఆయనా సివిల్ ఇంజనీరే.

రోడ్డులో తారు కింద ఉండే సిమెంట్ కలిపిన బేస్ పొర ఫెటీగ్ గురించి, అంటే బరువు మళ్లీ మళ్లీ పడి అలసి పగలడం గురించి చెప్పమన్నారు. మీరు సీటీబీ అంటారే, అదే. లారీ చక్రం మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ పొర చెక్క పలకలా కాస్త వంగుతుంది. అడుగు భాగం సాగుతుంది. పగులు అక్కడే పుడుతుంది, పైనున్న మనకు కనపడదు. తారు కాస్త సాగి ఓర్చుకుంటుంది. సిమెంటుకు ఆ ఓపిక లేదు. వానాకాలంలో పగుళ్లలోంచి బురద పైకి తన్నుకొచ్చినప్పుడు గానీ మనకు తెలియదు.

స్లైడ్లు తెచ్చాను గానీ, ముందు ఒక సంగతి చెప్పాలి. 2015 మే నెల, రాయలసీమలో ఒక రోడ్డు. సీటీబీ పరిచాం. ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి, దీన్నే క్యూరింగ్ అంటాం. రెండో రోజు పొద్దున సైటుకు వెళితే ట్యాంకర్ లేదు. కాంట్రాక్టర్ బంధువుల ఇంట్లో పెళ్లట, నీళ్లు అక్కడికి వెళ్లాయి. మూడు రోజులు! పొర మీద కప్పిన గోనె సంచులు పట్టుకుంటే అప్పడాల్లా ఉన్నాయి. చెప్పుతో రాస్తే పొర మీద పిండి లేచింది.

మరి బలం పరీక్షకని అదే మిశ్రమంతో పోసిన క్యూబులో? అవి ల్యాబులో తొట్టిలో చల్లగా మునిగి ఉన్నాయి. ఏడో రోజు నొక్కి చూస్తే బలం 5 మెగాపాస్కల్స్ దాటింది. కావలసింది 4.5 నుంచి 7. పాస్! నేను అభ్యంతరం రాస్తే పైఅధికారి ఫైలు తిప్పి చూపించి, "రిజల్ట్ వచ్చింది కదయ్యా, ఇంకేంటి నీ టెన్షన్?" అన్నారు. చివరికి సంతకం పెట్టింది నేనే. అది దాచను.

నా టెన్షన్ ఏంటో ఇప్పుడు లెక్క వేసి చెబుతాను, రాసుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల రోడ్డు డిజైన్ పుస్తకం ఐఆర్‌సీ 37, 2018 ప్రకారం సీటీబీ వంపు బలం, అంటే వంచితే విరగకుండా ఓర్చే ఒత్తిడి, 1.4 మెగాపాస్కల్స్. ఇరుసు బరువుకి 0.7 ఒత్తిడి వచ్చిందనుకోండి, అంటే సగం. ఆ పుస్తకంలోని ఫెటీగ్ ఫార్ములాలో వేస్తే పొర ఆ బరువును 5 లక్షల పైచిలుకు సార్లు తట్టుకోవాలి. క్యూరింగ్ లేక బలం ఆరో వంతు తగ్గిందనుకోండి. ఒత్తిడికీ బలానికీ నిష్పత్తి 0.5 నుంచి 0.6 అవుతుంది. ఎన్నిసార్లు? వెనక బెంచీ బాబూ, నువ్వు చెప్పు... నాలుగు లక్షలా? కాదు నాన్నా. 32 వేలు! ఆ మూడు రోజుల నీళ్ల ఖరీదు అది.

ఓవర్‌లోడు సంగతీ అంతే. అదే పుస్తకంలోని రెండో ఫార్ములాలో స్ట్రెయిన్‌కు, అంటే పొర సాగే పాలుకు, ఘాతం 12. స్ట్రెయిన్ 20 శాతం పెరిగితే నష్టం దాదాపు తొమ్మిదింతలు. 2018లో నాలుగు టైర్ల ఇరుసుకి అనుమతి 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచారు. పాత లెక్కతో వేసిన రోడ్డు మీద దాని ప్రభావం ఎంతో ఇంటికెళ్లి మీరే కట్టండి.

చైర్మన్ గారు గడియారం చూస్తున్నారు. స్లైడ్లు వద్దులెండి. కింద ల్యాబులో సీటీబీ మిశ్రమంతో రెండు బీములు, అంటే పొడవాటి దిమ్మెలు, పోయించి పెట్టమన్నాను. ఒకటి వారం రోజులు తడి గోనెల కింద ఉంది, ఇంకోటి మేడ మీద ఎండలో పడేసి ఉంది. పదండి, విరగ్గొడదాం.